ఖాళీ సైటులో తుప్పలు: నోటీసు రాకముందే చేయాల్సిన పని

విశాఖలో తొలకరి పడ్డ మూడు వారాలకే ఖాళీ సైట్ల రూపు మారిపోతుంది. మే నెలలో ఎర్రమట్టి, రాళ్ళు తప్ప ఏమీ కనిపించని మధురవాడ, కొమ్మాది, పెందుర్తి లేఅవుట్లలో జులై వచ్చేసరికి మోకాలెత్తు వయ్యారిభామ లేస్తుంది, సెప్టెంబరుకల్లా మనిషెత్తు తుప్పలు కమ్మేస్తాయి. ఇరుగుపొరుగువాళ్ళు వార్డు సచివాలయానికి వెళ్ళి మొరపెట్టుకునేది అప్పుడే, యజమానికి నోటీసు కదిలేదీ అప్పుడే. ఆపాటికి కూలి ఖర్చు పెరిగిపోతుంది, మొక్కలు గింజ రాల్చేసి ఉంటాయి, పక్కింటి పిల్లలకు జ్వరాలు కూడా వచ్చి ఉండవచ్చు. సైటు ఇక్కడ కొని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్నవాళ్ళు ఈ సంగతి తప్పక పట్టించుకోవాలి. రూలు ఎంత బాగా తెలిసినా, ఏ పని ఏ నెలలో చేయాలో తెలియకపోతే ఏటా డబ్బు పోస్తూనే ఉంటారు.

రూలు ఏమంటోంది

గడ్డి ఇన్ని అంగుళాలు దాటకూడదని టేపు పెట్టి కొలిచే పద్ధతి మన దగ్గర లేదు. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ చూసేది ఆ స్థలం వల్ల పక్కవాళ్ళకు, దారినపోయేవాళ్ళకు ఇబ్బంది ఉందా అన్నదే. దోమలు, పాములు, చెత్త పోగులు, నిలిచిన నీరు, రోడ్డు మీదికి ఒరిగిన కొమ్మలు, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955 ప్రకారం కమిషనర్ తరఫున యజమానికి నోటీసు ఇచ్చి తుప్పలు కొట్టించమనీ, గుంతలు పూడ్చమనీ, చుట్టూ కంచె వేయమనీ చెప్పవచ్చు. గడువులోగా చేయకపోతే కార్పొరేషనే మనుషుల్ని పెట్టి చేయించి, ఆ ఖర్చు యజమాని దగ్గర రాబడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేసుకుంటారు. ‘ఖాళీ స్థల పన్ను కడుతున్నాం కదా, శుభ్రం చేయాల్సింది కార్పొరేషన్ కదా’ అంటారు. కాదు. వీఎల్‌టీ అనే ఆ పన్ను ఆస్తి పన్నులో భాగం. రిజిస్ట్రేషన్ విలువను బట్టి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి, ఇలా అర్ధ సంవత్సరానికి లెక్కగడతారు. దానికీ సైటు లోపలి శుభ్రతకీ సంబంధం లేదు. రోడ్డు, కాలువ ఊడ్చడం కార్పొరేషన్ పని. హద్దు రాయి లోపలిది యజమాని పని. అయితే వీఎల్‌టీ అసెస్‌మెంట్ ఉండటం యజమానికే మంచిది. అందులో చిరునామా, ఫోను నంబరు సరిగా ఉంటే నోటీసు మీ చేతికే వస్తుంది. లేకపోతే సైటులో ఏ స్తంభానికో అంటించి వెళ్ళిపోతారు, మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. అమ్మినవారి పేరు మీదే అసెస్‌మెంట్ నడుస్తుంటే ముందు పేరు మార్పించుకోండి. రేపు ఇంటి ప్లాను పెట్టేటప్పుడు ఎలాగూ ఆ పన్ను బకాయిల దగ్గర ఆగాల్సి వస్తుంది.

కార్పొరేషన్ చట్టం ఒక్కటే కాదు. భారతీయ న్యాయ సంహితలో పబ్లిక్ న్యూసెన్స్‌కు 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రాణాంతకమైన రోగం వ్యాపించేలా నిర్లక్ష్యంగా ఉండటం 271వ సెక్షన్ కిందికి వస్తుంది. కొట్టిన చెత్తను వీధిలో వేయకూడదనీ, తోట వ్యర్థాలను విడిగా ఉంచాలనీ ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెబుతాయి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం, 2002 గురించి కూడా తెలిసి ఉండాలి. కలుపు పీకడానికి, తుప్పలు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ తుప్పల మధ్య ఎదిగిన వేపనో రావినో మొదలంటా నరికించాలంటే అనుమతి తీసుకోవాలి. జేసీబీ వాడికి ‘అంతా క్లీన్ చేసెయ్’ అని ఫోనులో చెప్పేవాళ్ళు ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకుంటే చాలు: ఏ చెట్టు ఉంచాలో దానికి ముందే సున్నం పట్టీ వేయించండి.

ఏ మొక్క, ఎందుకు ప్రమాదం

అన్నిటికంటే ముందు తీయాల్సింది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అనేవీ దీని పేర్లే. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో చిన్న చిన్న తెల్లపూలు పూస్తుంది. ఒక్కో మొక్క వేలల్లో గింజ రాలుస్తుంది, బాగా ఎదిగినది 15 వేలు దాటిపోతుంది. గింజ తేలిక కాబట్టి గాలికి, వాన నీటికి, బండ్ల టైర్లకు అంటుకుని వీధంతా పాకుతుంది. మట్టిలో పడ్డ గింజ ఏళ్ళ తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది. చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం, ఇవన్నీ దీని పుప్పొడి వల్ల, ఆకుల మీది నూగు వల్ల వస్తాయి. ఆవులు, మేకలు దీన్ని ముట్టవు. చుట్టూ ఉన్న మంచి గడ్డి మేసేసి దీనికి ఇంకా చోటిస్తాయి. సైటులో పశువుల్ని తోలితే శుభ్రమవుతుందనుకోవడం అందుకే పని చేయదు.

తుంగ పైకి చూస్తే అమాయకంగా ఉంటుంది. లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. గడ్డలన్నీ ఒకదానికొకటి దారంతో కట్టినట్టు ఉంటాయి. ఒకటి తెగగానే నిద్రపోతున్న మిగతావి మేలుకుని మొలుస్తాయి. జేసీబీతో గీకిస్తే గడ్డలు సైటంతా చెదిరి, మరుసటి వానకు పచ్చటి తివాచీ పరుచుకుంటుంది. తుంగకు నీడంటే గిట్టదు, దాన్ని అణచడానికి ఆ నీడే దారి. దాని గురించి కింద చెబుతాను.

సర్కారు తుమ్మ, లాంటానా, జిల్లేడు, ఆముదం ఎక్కువగా ఏళ్ళ తరబడి వదిలేసిన సైట్లలో ఉంటాయి. సర్కారు తుమ్మను నేల మట్టానికి కొడితే ఒక్క కాండం ఉన్నచోట పది పిలకలు వస్తాయి. దాని చిగురు మొగ్గలు నేల కింద మొదట్లో ఉంటాయి. కాబట్టి చుట్టూ తవ్వి కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున నరకాలి. పల్లపు సైట్లలో జమ్ము మొలిచిందంటే అక్కడ నీరు నెలల తరబడి నిలుస్తోందని అర్థం. దాన్ని కోస్తే ఉపయోగం లేదు, సైటు లెవెల్ సంగతి చూడాలి. ఉత్తరేణి, గడ్డిచేమంతి, తుమ్మి, గలిజేరు లాంటివి పెద్ద ప్రమాదం కాదు. మిగతావాటితో పాటు పోతాయి.

మొక్కల కంటే వాటి కింద దాగేవాటితోనే అసలు భయం. తుప్పల్లోకి జనం విసిరే కొబ్బరి బొండాలు, టీ కప్పులు, పాత టైర్లలో నిలిచే వాన నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం, పది రోజులు చాలు. తుప్ప అడ్డంగా ఉంటే మలేరియా సిబ్బందికి ఆ డొక్కలు కనిపించవు, మందు చల్లినా చేరదు. గడ్డిలో ఉండే చిన్న నల్లిపిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినచోట కాలినట్టు నల్లటి మచ్చ పడి జ్వరం వస్తే డాక్టరుకు ఆ మచ్చ తప్పక చూపించాలి, ఎందుకంటే త్వరగా గుర్తిస్తే మందుకు బాగా లొంగే జబ్బు ఇది. ఇక పాములు. కంబాలకొండ, సింహాచలం కొండల అంచున ఉన్న కాలనీల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ తిరుగుతాయి. చెత్తకు ఎలుకలు, ఎలుకలకు పాములు.

ఏ నెలలో ఏం చేయాలి

రాష్ట్రంలో చాలాచోట్లకీ విశాఖకీ ఒక తేడా ఉంది. మనకు జులై వానల కంటే సెప్టెంబరు, అక్టోబరు వానలు గట్టివి. నైరుతి పోయాక వాయుగుండాలు, తుఫాన్లు మొదలవుతాయి. అంటే కలుపు రెండు దఫాలుగా లేస్తుంది. జులైలో ఒకసారి కొట్టించి ‘ఈ ఏటికి అయిపోయింది’ అనుకున్న సైటు నవంబరుకి మళ్ళీ మొదటికొస్తుంది.

మొదటి దఫా జూన్ చివరి వారం నుంచి జులై మధ్యలోపు. వయ్యారిభామ అప్పటికి జానెడు, మూరెడు ఉంటుంది, పూత రాదు. వాన పడి మట్టి మెత్తబడిన మర్నాడు వేళ్ళతో సహా పీకించాలి. 200 గజాల సైటుకు ఈ దశలో ఇద్దరు మనుషులకు ఒక పూట పని. అదే సెప్టెంబరు దాకా వదిలేస్తే కత్తి, గునపం, బ్రష్ కట్టర్, ట్రాక్టరు అన్నీ కావాలి. రెండో దఫా సెప్టెంబరు రెండో సగం. తుఫాను వానలు పడకముందే సైటు ఖాళీగా ఉంటే నీరు ఎటు పోతోందో కనబడుతుంది, కాలువ నోరు మూసుకుపోదు. మూడోది నవంబరు చివర లేదా డిసెంబరు మొదట్లో, వానలు వెనక్కి తగ్గాక. ఈ మూడూ వరసగా రెండేళ్ళు చేయిస్తే మూడో ఏటికి పని బాగా తగ్గుతుంది, ఎందుకంటే కొత్త గింజ రాలదు, పాత గింజ కొద్దికొద్దిగా ఖర్చయిపోతుంది.

ఇక్కడే పక్క సైట్ల సంగతి వస్తుంది. మీ ఒక్క సైటు శుభ్రంగా ఉండి చుట్టూ నాలుగు సైట్లలో వయ్యారిభామ పూస్తుంటే గింజ మీ సైటులోకే వస్తుంది. లేఅవుట్ సంఘం ఉన్నచోట యజమానుల దగ్గర గజానికి ఇంత అని ముందే వసూలు చేసి, జులైలో అన్ని సైట్లూ ఒకే వారంలో చేయించడం అన్నివిధాలా చవక. ట్రాక్టరు ఒక్కసారే వస్తుంది, గింజ ఎగిరొచ్చే చోటూ ఉండదు.

కొట్టించే తీరు

పని గుత్తకు ఇస్తే మాట ముందే స్పష్టంగా చెప్పుకోవాలి. ‘తుప్పలు కొట్టాలి’ అంటే కొడవలితో పైపైన కోసి వెళ్ళిపోతారు, పది రోజుల్లో పిలకలు లేస్తాయి. చెప్పాల్సినవి మూడు: వేళ్ళతో సహా తీయాలి, చెత్త సైటులోంచి బయటకు తీసుకెళ్ళాలి, నాలుగు హద్దు రాళ్ళూ కనబడాలి. మూడో మాట దూరాన ఉన్న యజమానులకు ప్రాణం లాంటిది. తుప్పలో కప్పుకుపోయిన హద్దు రాయి ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. పని అయ్యాక నాలుగు మూలల నుంచీ ఫొటోలు, తేదీ, లొకేషన్ పడేలా తీసి పంపాకే మిగతా డబ్బు ఇవ్వండి.

పని పొద్దున్నే ఎండ వచ్చాక మొదలుపెట్టాలి, సాయంత్రం చీకటి పడకముందే ఆపేయాలి. మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, చేతులకు తొడుగులు, వయ్యారిభామ ఉంటే ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ముందుగా పొడవాటి కర్రతో తుప్పల్ని తట్టుకుంటూ ఒక చుట్టు తిరగాలి. ఇంటి గోడ వైపు నుంచి మొదలుపెట్టి ఖాళీ వైపుకు కొట్టుకుంటూ పోవాలి. నాలుగు వైపుల నుంచీ మధ్యకు కొట్టుకొస్తే పాము తప్పించుకునే దారి లేక మనిషి మీదికే వస్తుంది, లేదంటే పక్కింటి గేటు కిందినుంచి లోపలికి పోతుంది. పక్కిళ్ళవాళ్ళకు ఒక రోజు ముందు చెప్పి, గేట్ల కింద సందులు మూసుకోమనడం మర్యాద కూడా, జాగ్రత్త కూడా. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, పసరు పూయడం ఏదీ వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్ళాలి.

బ్రష్ కట్టర్ వాడితే లేత గడ్డికి నైలాన్ తీగ, గట్టి కాండాలకు లోహపు బ్లేడు. మన ఎర్రమట్టి సైట్లలో గులకరాళ్ళు ఎక్కువ. బ్లేడు తగిలి ఎగిరిన రాయి కారు అద్దాన్ని, కంటిని పాడుచేస్తుంది. కళ్ళజోడు లేకుండా యంత్రం ముట్టనివ్వకండి, చుట్టూ 15 మీటర్ల దూరంలో ఎవరూ ఉండకూడదు. టూ స్ట్రోక్ యంత్రమైతే పెట్రోల్లో నూనె పాళ్ళు కంపెనీ చెప్పినట్టే కలపాలి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. నూనె తక్కువైతే పిస్టను పట్టేస్తుంది.

జేసీబీ గురించి ఒక మాట. గంట లెక్కన అద్దె కాబట్టి డ్రైవరు తొందరపడతాడు. హద్దు రాళ్ళు లేచిపోతాయి, పక్కింటి పైపులు తెగుతాయి, టైర్ల గుంతల్లో వారానికే దోమ పిల్లలు చేరతాయి. సర్కారు తుమ్మ మోళ్ళు పెకలించడానికి, లెవెల్ చేయడానికి తప్ప మామూలు కలుపుకు జేసీబీ వద్దు. తెప్పించినా పక్కన ఒక మనిషి నిలబడి చేయించాలి. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే ఎవరూ కత్తి ఎత్తకూడదు. 1912కు ఫోను చేసి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళతో లైను ఆపించి కొట్టించాలి.

కొట్టిన చెత్త ఎక్కడికి

ఎక్కువమంది చిక్కుల్లో పడేది ఇక్కడే. ఇంటింటి చెత్త బండి తడి చెత్త, పొడి చెత్త తీసుకెళ్తుంది, ట్రాక్టరు తుప్ప తీసుకెళ్ళదు. దాంతో రోడ్డు పక్కన పడేస్తారు, లేదా పక్క గెడ్డలోకి తోసేస్తారు. గెడ్డలో వేసిన తుప్ప మొదటి పెద్ద వానకు కల్వర్టు దగ్గర ఆనకట్ట కట్టేస్తుంది. నీరు ఎగదన్ని దిగువ వీధుల్లోని ఇళ్ళలోకి వస్తుంది. విశాఖలో కొండ మీద నుంచి సముద్రం దాకా వాన నీటికి ఉన్న దారులు ఆ గెడ్డలే. వాటిలో ఒక్క కొమ్మ కూడా వేయకూడదు.

కాల్చడం అంతకంటే తప్పు. చెత్త ఆరుబయట కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఆదేశించింది. సముద్రపు గాలికి మంట ఎటు తిరుగుతుందో చెప్పలేం, పైన కేబుళ్ళు ఉంటాయి, పక్కనే పార్క్ చేసిన బండ్లు ఉంటాయి.

వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ముందే చెబితే తుప్ప ఎక్కడికి తోలాలో, ట్రాక్టరు ఎలా ఏర్పాటవుతుందో చెబుతారు. పని మొదలుపెట్టే ముందు రోజే ఈ మాట అడగాలి, చెత్త రోడ్డు మీద పడ్డాక కాదు. స్థలం ఉంటే సైటులోనే ఒక మూల మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పోగు పెట్టి, పొరపొరకూ పిడికెడు మట్టి, కొంచెం పేడ నీళ్ళు చల్లి కంపోస్టు చేయవచ్చు. అయితే పూత రాని వయ్యారిభామను మాత్రమే అందులో వేయాలి. పూసినదాన్ని వేస్తే ఎరువుతో పాటు గింజను కూడా మీరే చల్లుకున్నట్టవుతుంది. పూసిన మొక్కల్ని బస్తాల్లో కట్టి పంపాలి.

మళ్ళీ లేవకుండా

ఖాళీగా వదిలిన మట్టి ఖాళీగా ఉండదు. జులైలో పీకించిన వెంటనే పిల్లిపెసర చల్లితే అది నేలను కప్పేసి తుంగకు, వయ్యారిభామకు ఎండ తగలనివ్వదు. 200 గజాలంటే దాదాపు 167 చదరపు మీటర్లు, అరకిలో గింజ చాలు. పైపైన గొప్పుతో కదిపి, చల్లి, మట్టి కప్పితే చాలు. 45 రోజులకు పూతకు వస్తుంది, అప్పుడు కోసి అక్కడే పరిచేయాలి. జనుము ఇంకా బాగా అణుస్తుంది గానీ ఐదారు అడుగులు పెరుగుతుంది. ఇళ్ళ మధ్య సైటులో అది కూడా పాములకు నీడే, కొత్త ఫిర్యాదుకు కారణమే. కాబట్టి కాలనీల్లో పిల్లిపెసరకే నా ఓటు. సైటు అంచుల్లో తగిరిస సహజంగా మొలిస్తే దాన్ని ఉండనివ్వండి, వయ్యారిభామను అణచే మొక్కల్లో అదొకటి.

ఏప్రిల్, మే నెలల్లో మంచి ఎండ ఉన్నప్పుడు నేల తడిపి, పారదర్శకమైన పాలిథీన్ షీటు గట్టిగా పరిచి అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొరలోని గింజ ఉడికిపోతుంది. నల్ల షీటు కాదు, ఎండను లోపలికి వదిలేదే కావాలి. సైటు మొత్తానికి ఇది ఖర్చు. ఇంటి చుట్టూ ఉన్న చిన్న జాగాలకు బాగా పనికొస్తుంది. లోతున ఉన్న తుంగ గడ్డలు మాత్రం దీనికి పూర్తిగా చావవు.

రోడ్లు ఎత్తు పెంచుతూ పోవడం వల్ల చాలా పాత లేఅవుట్లలో సైట్లు పల్లం అయిపోయాయి. అక్కడ ఎన్నిసార్లు కొట్టించినా జమ్ము వస్తుంది, దోమలు వస్తాయి. 200 గజాలు అంటే 1,800 చదరపు అడుగులు. ఒక అడుగు ఎత్తు లేపాలంటే 1,800 ఘనపుటడుగులు, అంటే 18 యూనిట్ల మట్టి. దిగబడటానికి మరో నాలుగైదు యూనిట్లు కలుపుకోండి. ‘ఉచితంగా పూడ్చేస్తాం’ అని వచ్చే ట్రాక్టర్ల వాళ్ళను రానివ్వకండి. వాళ్ళు పోసేది కూల్చిన ఇళ్ళ రద్దు. దాని సందుల్లో ఎలుకలు చేరతాయి, రేపు పునాది తవ్వేటప్పుడు దాన్ని మళ్ళీ డబ్బిచ్చి తీయించాలి. ఎర్రమట్టి పోయించినా ఆ మట్టితో పాటు వయ్యారిభామ గింజ వస్తుంది, కాబట్టి మొదటి వాన పడ్డ మూడో వారంలో ఒకసారి చూసి పీకించాలి. పూడ్చేటప్పుడు నీటి వాలు పక్కింటివైపు తిప్పకూడదు.

ఇల్లు కట్టుకున్నవాళ్ళకు సమస్య ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే ఖాళీలో, అంటే సెట్‌బ్యాక్‌లో. మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు సందుకు కలుపు నివారణ మ్యాట్ పరిచి, పైన 20 ఎంఎం కంకర మూడు అంగుళాలు పోయాలంటే 30 ఘనపుటడుగుల కంకర కావాలి. పేవర్ రాళ్ళ సందుల్లో మొలిచే గడ్డికి మరుగుతున్న నీళ్ళు పోస్తే సరిపోతుంది. కలుపు విసుగుతో మొత్తం కాంక్రీటు చేయించడం మాత్రం వద్దు, ఇంకుడు గుంతకు నీరు చేరే దారి ఉండాలి. గోడ మీద, సన్‌షేడ్ మీద మొలిచిన రావి మొలకను రెండు మూడు ఆకుల దశలో, వాన తడి ఉన్నప్పుడు మెల్లగా లాగితే వేరుతో సహా వస్తుంది. కత్తిరిస్తే వేరు లావై ప్లాస్టరింగ్‌ను చీలుస్తుంది. ఆ దశ దాటితే ప్లాస్టరింగ్ కొట్టి వేరు తీసి, 1:3 సిమెంటు ఇసుకతో మూసేయడమే.

మందుల విషయం

‘గడ్డి మందు కొట్టేస్తే పోతుంది కదా’ అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఎక్కువగా దొరికే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడరాదని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరు 21న ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి యజమాని డబ్బా కొని తానే కొట్టడం సరికాదు. పైగా అది పచ్చి ఆకు మీద పని చేస్తుంది, మట్టిలోని గింజను ఏమీ చేయదు. కొట్టిన కొన్ని గంటల్లో వాన పడితే కొట్టుకుపోతుంది. మందు కొట్టిన తుప్ప చచ్చినా నిలబడే ఉంటుంది. ఎండిన తుప్పకు నిప్పు రవ్వ చాలు, దాని కింద కొబ్బరి బొండాలూ అలాగే ఉంటాయి. కాబట్టి ఎలాగూ కొట్టించాలి. నోటీసుకు జవాబుగా మందు కొట్టించడం చెల్లదు.

పారాక్వాట్ అసలు ఇంట్లోకి రానివ్వకండి. దానికి విరుగుడు లేదు, కొద్దిగా మింగినా ప్రాణం పోతుంది. ఏ మందునూ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి.

లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే వయ్యారిభామ మాడిపోతుంది. ఊరి బయట బంజరుల్లో ఈ చిట్కా సరే. ఇళ్ళ దగ్గర మాత్రం వద్దు. ఉప్పు పునాదిలోకి దిగి ఇనుప చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలికే మన ఇళ్ళ చువ్వలు తుప్పు పడుతున్నాయి, దానికి మనం తోడు కావద్దు. కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ మట్టిలో పోస్తే బోరు నీటికే ముప్పు. బ్లీచింగ్ పౌడర్ చల్లడం వల్ల కలుపు ఆగదు.

నోటీసు వస్తే, ఫిర్యాదు చేయాలంటే

నోటీసు అందగానే అందులో గడువు, సైటు వివరం చూడండి. సైటు మీది కాకపోతే, హద్దు తగాదా ఉంటే, ఆ మాట రాతపూర్వకంగా గడువులోపే చెప్పాలి. మీదే అయితే పని చేయించి, ముందు, తర్వాత ఫొటోలు, వీఎల్‌టీ రశీదు కాపీ జతచేసి వార్డు సచివాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. వానల వల్ల ఆలస్యమవుతుంటే అదే రాసి కొన్ని రోజులు గడువు అడగండి. జవాబు లేకపోవడమే అసలు చిక్కు తెస్తుంది.

పక్క సైటు యజమాని పట్టించుకోకపోతే మీరే లోపలికి వెళ్ళి కొట్టించకండి. మంచి ఉద్దేశంతో చేసినా అతిక్రమణ అంటారు, హద్దు రాయి జరిగిందంటారు. మీ గోడ దాటి మీ వైపు వచ్చిన కొమ్మల వరకు చెప్పి కొట్టించుకోవచ్చు. ఫిర్యాదులో సైటు పక్కనున్న ఇంటి డోర్ నంబరు, వీధి పేరు, తెలిస్తే ప్లాటు నంబరు, నీరు నిలిచిన చోటు కనబడే ఫొటో ఉండాలి. ‘మా వీధిలో తుప్పలు ఉన్నాయి’ అని రాస్తే ఏ సైటో వెతకడానికే వారం పడుతుంది. ముందు శానిటేషన్ సెక్రటరీకి ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి నంబరు తీసుకోండి. అప్పటికీ కాకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు, అంటే మన ఆర్డీవో స్థాయిలో, ఇబ్బంది తొలగించమని దరఖాస్తు చేయవచ్చు. మెజిస్ట్రేటు ముందు షరతుతో కూడిన ఆదేశం ఇచ్చి, యజమాని వాదన వింటారు. ఆ దరఖాస్తుకు మీ పాత అర్జీల నంబర్లు, అందినట్టు తీసుకున్న సంతకాలు, తేదీలున్న ఫొటోలు జతచేయాలి. అందుకే మొదటి ఫిర్యాదు నుంచే ప్రతి కాగితం ఒక కాపీ ఫైల్లో పెట్టుకోండి.